చిలికా చేప, కొండ ఉసిరిక: తెలుగు, ఒడియా నుడికారాల పొందిక

ఇచ్ఛాపురం దాటి బరంపురం, ఛత్రపురం మీదుగా ఉత్తరానికి సాగే ప్రయాణికునికి రంభ వద్ద చిలికా సరస్సు ఎదురవుతుంది. ఒకవైపు ఖల్లికోట ప్రాంతపు కొండలు, మరొకవైపు సరస్సు. దారిలోనే హుమ్మా ఉప్పు మడులు. ఈ సరస్సు పేరు ఒడియా భాషలోని ఒక సామెతలో స్థిరపడిపోయింది: "ఆకాశ కఇఁఆ, చిలికా మాఛ". కఇఁఆ అంటే చింతకాయ, మాఛ అంటే చేప. ఆకాశమంత ఎత్తున కొమ్మకు వేలాడే చింతకాయ ఎక్కడ, చిలికా నీటిలో తిరిగే చేప ఎక్కడ అని దాని భావం. పొంతన లేని రెండింటిని ఒకచోట చేర్చి చెప్పవలసి వచ్చినప్పుడు ఒడియావారు ఈ మాట అంటారు.

ఈ సామెత విన్న తెలుగువారికి వెంటనే మరొకటి స్ఫురిస్తుంది: "కొండమీది ఉసిరికాయ, సముద్రంలోని ఉప్పు". పదాలను పక్కపక్కన పెట్టి చూస్తే ఒక్కటీ కలవదు. చింతకాయ ఉసిరికాయ కాదు, చేప ఉప్పు కాదు. ఒడియా సామెత పులుసు గిన్నెలో ముగుస్తుంది, తెలుగు సామెత ఊరగాయ జాడీలో ముగుస్తుంది. అయినా ఎత్తున ఉన్న పులుపును, నీటిలో ఉన్న మరొక వస్తువును వంటిల్లు కలుపుతుందన్న ఊహ రెండింటిలోనూ ఒక్కటే. తేడా ఒకటి ఉంది. తెలుగు సామెతలో కలయికకు ప్రాధాన్యం ఎక్కువ. ఎక్కడెక్కడివారికో సంబంధం కుదిరినప్పుడు పెద్దలు దీనిని సంతోషంగా అంటారు. ఒడియా సామెతలో ఆ రెండింటి మధ్య ఉన్న దూరమే ముందుకు వస్తుంది. కనుక పెళ్ళిపందిట్లో తెలుగు సామెత అన్న చోటనే ఒడియా సామెత అంటే, సంబంధం అతకలేదన్న ధ్వని రావచ్చు.

ఒక భాషలోని నుడికారానికి మరొక భాషలో సరిజోడు వెతకడంలో ఉన్న సౌకర్యమూ, చిక్కూ ఈ ఒక్క జతలోనే కనిపిస్తాయి. రెండు భాషల మధ్య కాపురం చేసే సరిహద్దు కుటుంబాలకు ఇది పండిత చర్చ కాదు. బడిలో, సంతలో, ఆసుపత్రిలో, వియ్యాలవారి ఇంట నిత్యం ఎదురయ్యే అవసరం.

జాతీయం, సామెత, నుడికారం

విడివిడి పదాల అర్థాలను కూడితే రాని భావాన్ని ఇచ్చే పదబంధం జాతీయం. "కంటితుడుపు" అన్నప్పుడు కన్నూ ఉండదు, తుడవడమూ ఉండదు. పైపైన చేసిన ఉపకారం అని భావం. పూర్తి వాక్యంగానో, వాక్యంతో సమానంగానో నిలిచి లోకానుభవాన్ని చెప్పేది సామెత. ఈ రెండింటినీ కలుపుకొని ఒక భాషకు సహజంగా ఉండే పలుకుబడిని నుడికారం అంటారు.

ఒడియాలో జాతీయాన్ని "రూఢి" అంటారు. సామెతలకు "ఢగ ఢమాళి" అన్న జంటపదం ప్రసిద్ధం. "ప్రబాద", "ప్రబచన" అన్న పేర్లూ ఉన్నాయి. హిందీలో జాతీయం "ముహావరా", సామెత "కహావత్". ఇక్కడే మొదటి తికమక. తెలుగులో "రూఢి" అంటే ఖాయమైనది అని వాడుక. వార్త రూఢి అయింది అంటాము. "జాతీయం" అంటే దేశానికి సంబంధించినది అన్న అర్థం కూడా తెలుగులో ఉంది. బడిలో ఒడియా వ్యాకరణం చదివే తెలుగు పిల్లవాడికి ఈ రెండు పేర్లూ ఒకే వస్తువువని ఇంట్లో ఎవరైనా చెప్పవలసిందే.

ఉచ్చారణ విషయంలో ఒక మాట. ఈ వ్యాసంలో ఒడియా పలుకులను తెలుగు లిపిలో వాటి వర్ణక్రమాన్ని బట్టి ఇచ్చారు. హల్లులో ఇమిడి ఉండే "అ"కారాన్ని ఒడియావారు "ఒ"కు దగ్గరగా పలుకుతారు. పదాల చివరి అచ్చును హిందీవారివలె మింగివేయరు. ఈ అజంత లక్షణం తెలుగు చెవికి ఒడియాను దగ్గర చేస్తుంది.

రంభ, గంజాం: రెండు భాషల ముంగిలి

తెలుగు ద్రావిడ కుటుంబానికి చెందిన భాష. ఒడియా ఇండో ఆర్య శాఖకు చెందినది. పుట్టుక వేరైనా శతాబ్దాల సహవాసం వీటిని కలిపింది. 1936 ఏప్రిల్ 1న ఒడిశా వేరు రాష్ట్రంగా ఏర్పడే వరకు గంజాం మద్రాసు ప్రెసిడెన్సీలో భాగం. రంభలోని భవనాన్ని 18వ శతాబ్ది చివర ఈస్టిండియా కంపెనీ కలెక్టరు స్నాడ్‌గ్రాస్ కట్టించాడు. అది తరువాత ఖల్లికోట రాజుల అధీనంలోకి వచ్చింది. 1903లో మధుసూదన్ దాస్, ఖల్లికోట రాజా హరిహర మర్దరాజ్ ప్రభృతుల చొరవతో రూపుదాల్చిన ఉత్కళ సమ్మిళని చరిత్రలో ఈ భవనానికి ప్రత్యేక స్థానం ఉంది. ఒడియా భాషకు పాలనలో చోటు కావాలన్న ఉద్యమానికి ఊపిరి పోసిన ఈ నేల మీదనే తెలుగు పలుకు కూడా నిలిచి ఉంది. గంజాం తీరంలోనూ, చిలికా అంచునా చేపల వేటతో జీవించే నోలియాల మాతృభాష తెలుగు. బరంపురం వీధుల్లో రెండు భాషలూ ఒకే నోట వినిపిస్తాయి.

పర్లాకిమిడిలో ఉపాధ్యాయునిగా పనిచేసిన గిడుగు వెంకట రామమూర్తి కొండల్లోని సవరల భాషను నేర్చుకొని 1931లో దానికి బోధిని ప్రచురించారు. వ్యావహారిక తెలుగు కోసం పోరాడిన ఆయన జన్మదినమైన ఆగస్టు 29ని తెలుగు భాషా దినోత్సవంగా జరుపుకుంటున్నారు. జనం నోట ఉన్న పలుకుబడికి విలువ ఇవ్వాలన్న ఆయన పట్టుదలకు ఈ బహుభాషా ప్రాంతంలో గడిపిన జీవితం తోడు నిలిచింది.

ఒకే బొమ్మ, ఒకే భావం

పొరుగు భాషల నుడికారాలను నాలుగు తరగతులుగా విభజించుకుంటే నేర్చుకోవడం సులభం. మొదటి తరగతిలో మాటలు వేరైనా బొమ్మ ఒకటే, భావమూ ఒకటే. వీటిని ధైర్యంగా అటుది ఇటు వాడవచ్చు.

"దూర పాహాడ సుందర" అని ఒడియా. "దూరపు కొండలు నునుపు" అని తెలుగు. తూర్పు కనుమలను దూరం నుంచి చూసేవారికి ఈ సామెతకు వ్యాఖ్యానం అక్కరలేదు. హిందీవారు ఇదే భావాన్ని దూరపు డోళ్ళ మోత మీద పెట్టి "దూర్ కే ఢోల్ సుహావనే" అంటారు.

"ఆఖిరె ధూళి దేబా" అని ఒడియా. "కళ్ళలో దుమ్ము కొట్టడం" అని తెలుగు. హిందీలోనూ, ఇంగ్లీషులోనూ ఇదే బొమ్మ ఉంది.

"ఆఖి బుజిబా" అంటే ఒడియాలో కన్నుమూయడం. రెండు భాషల్లోనూ మరణానికి మర్యాదైన మాట ఇదే.

"హాతీ చాలే బజార, కుకుర భుకే హజార" అని ఒడియా, హిందీ సీమల్లో వినిపిస్తుంది. "ఏనుగు పోతుంటే కుక్కలు మొరిగినట్టు" అని తెలుగు.

"నఈ న దేఖుణు లంగళా" అంటే ఏరు కనబడక ముందే బట్టలు విప్పడం. తెలుగులో "ఏరు ఏడామడ ఉండగానే చీర విప్పి చంకన పెట్టుకున్నట్టు" అంటారు. ఏరు దాటి పొలానికి, సంతకు వెళ్ళే నేలలో రెండు భాషలకూ ఒకే నవ్వు పుట్టింది.

పురాణాల నుంచి వచ్చినవి కూడా ఈ తరగతిలోనివే. ఇంటి రహస్యం బయటపెట్టేవానిని ఒడియాలో "ఘరభేదీ బిభీషణ" అంటారు, తెలుగువారు "ఇంటిగుట్టు లంకకు చేటు" అంటారు. అరణ్యరోదనం, కూపమండూకం వంటి సంస్కృత సమాసాలు రెండు భాషలకూ ఉమ్మడి ఆస్తి.

బొమ్మ వేరు, భావం ఒకటి

రెండవ తరగతి అన్నిటికంటే సంపన్నమైనది. ఇక్కడ మాటకు మాట పెడితే నవ్వులాట అవుతుంది. బొమ్మను వదిలి భావాన్ని పట్టుకోవాలి.

ఒడియాలో "నాచి న జాణి అగణార దోష" అంటారు. అగణా అంటే వాకిలి. నాట్యం రానివారు వాకిలిని తప్పుపట్టారని అర్థం. తెలుగులో "ఆడలేక మద్దెల ఓడు" అన్నారు. ఒకరి నింద నేలమీద, మరొకరిది వాద్యం మీద. ఇంగ్లీషువారు చేతకాని పనివాడు పనిముట్టును తిడతాడంటారు. మూడు సమాజాలూ ఒకే మనిషిని చూశాయి. అతడు సాకుగా చూపిన వస్తువు మాత్రమే మారింది.

"గఛరె పణస, నిశరె తేల" అన్నది మరొకటి. నిశ అంటే మీసం. పనస ఇంకా చెట్టుమీదనే ఉంది, మీసానికి నూనె పట్టించడం అయిపోయింది. పనసకాయ కోసేటప్పుడు జిగురు అంటకుండా నూనె రాసుకునే అలవాటు ఉద్దానంలోనూ, గంజాంలోనూ ప్రతి ఇంటికీ తెలిసినదే కనుక ఈ సామెతలోని చురుకు సరిహద్దువారికి తేలికగా అందుతుంది. దీనికి తెలుగు జోడు "ఆలు లేదు, చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం". ఒకటి తోటలో పుట్టింది, మరొకటి సంసారంలో పుట్టింది.

"రథ దేఖా, కదళీ బికా" అంటే రథాన్ని చూసినట్టూ అవుతుంది, అరటిపళ్ళు అమ్ముకున్నట్టూ అవుతుంది. పూరీ రథయాత్ర ఎరిగిన నేలకు సహజమైన మాట. దీనికి తెలుగులో "స్వామి కార్యం, స్వకార్యం" చక్కగా సరిపోతుంది.

"బార హాత కాకుడి, తేర హాత మంజి" అంటే పన్నెండు మూరల దోసకాయలో పదమూడు మూరల గింజ. ఉన్నదానిని మించిన ఆర్భాటాన్ని వెక్కిరించే మాట. తెలుగువారు "గోరంతలు కొండంతలు చేయడం" అంటారు.

"ధర్మకు ఆఖిఠార" అంటే ధర్మానికి కన్నుగీటడం. నియమం పాటించినట్టు పైకి కనిపించాలి, పని మాత్రం జరగకూడదు. తెలుగులో "కంటితుడుపు", "మొక్కుబడి" దీనికి దగ్గర మాటలు. ఒడియా మాటలో మోసపు పాలు కొంత ఎక్కువ.

"పేటరె భోక, ముహఁరె లాజ" అంటే కడుపులో ఆకలి, ముఖంలో సిగ్గు. దీనికంతటికీ తెలుగులో ఒక్క మాట చాలు: మొహమాటం. ఒక భాష వాక్యంలో చెప్పినదాన్ని మరొక భాష పదంలో చెప్పడం తరచు జరిగేదే.

వాన విషయం చూడండి. ఒడియా, హిందీ భాషల్లో పెద్దవాన "మూసలధార", అంటే రోకళ్ళంత ధారగా కురుస్తుంది. తెలుగులో అది కుండపోత. ఇంగ్లీషువారికి పిల్లులూ కుక్కలూ కురుస్తాయి. ఫ్రెంచివారికి తాళ్ళు పడతాయి. 2013 అక్టోబరులో ఫైలిన్ తుపాను గోపాలపురం వద్ద తీరం దాటినప్పుడూ, 2018 అక్టోబరులో తిత్లీ పలాస దగ్గర దాటినప్పుడూ, రాష్ట్ర సరిహద్దుకు రెండువైపులా ఒకే వాన పడింది. ఒకరికది రోకలి, మరొకరికది కుండ.

పోలిక దగ్గర, భావం దూరం

మూడవ తరగతిలో ప్రమాదం ఉంది. ధ్వని ఒకటిగా వినిపిస్తుంది, భావం వేరు. కొత్తగా కాపురానికి వచ్చిన కోడళ్ళు, బడిలో కొత్తగా చేరిన పిల్లలు మొదట తడబడేది వీటి దగ్గరనే.

ముండ: ఒడియాలో తల. తెలుగులో స్త్రీని కించపరిచే తిట్టు. "ముండ ఖాఇబా" అంటే తల తినడం, విసిగించడం. తెలుగు జాతీయంతో అక్షరాలా సరిపోతుంది. కాని తెలియని తెలుగు చెవికి తిట్టుగా తగులుతుంది.

గోడ: ఒడియాలో కాలు. తెలుగులో ఇంటిగోడ.

గాళి: ఒడియాలో తిట్టు. "గాళి దేబా" అంటే తిట్టడం. తెలుగు చెవికి అది వీచే గాలి.

బిల: ఒడియాలో పొలం. తెలుగులో బిలం అంటే కన్నం, గుహ.

కోడి: ఒడియాలో ఇరవై. తెలుగులో పెంపుడు పక్షి.

నానీ: గంజాం ఒడియాలో అక్క. తెలుగు ఇళ్ళలో మగపిల్లవాడి ముద్దుపేరు.

ఇటువంటి మాటలను పిల్లలకు ముందుగానే నవ్వుతూ చెప్పి ఉంచడం మేలు. తల్లి ఒకసారి చెప్పిన తేడా పిల్లవాడికి బడి గొడవ నుంచి రక్షణ.

సామెతల్లో కూడా దగ్గర పోలిక మోసం చేస్తుంది. ఒడియాలో "గాఁ కనిఆ సింఘాణి నాకీ" అని సుప్రసిద్ధమైన సామెత. ఊరి పెళ్ళికూతురు చీమిడిముక్కుది అని పదార్థం. మనమధ్య పెరిగిన మనిషిలోని గొప్పతనం మనకు కనబడదని భావం. దీనికి "పొరుగింటి పుల్లకూర రుచి" అని తెలుగు చెప్పేవారున్నారు. అది పూర్తిగా సరికాదు. పుల్లకూర సామెత ఎదుటివారి వస్తువు మీది ఆశను ఎత్తిచూపుతుంది. ఒడియా సామెత మనవారి మీది చిన్నచూపును ఎత్తిచూపుతుంది. కనుక "పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదు" అన్నదే సరైన జోడు.

ఈ తేడా ఎంత దూరం పోగలదో ఊహించండి. సంబంధం మాట్లాడే చోట ఒడియా పెద్ద ఒకరు, ఈ ఊరి పిల్లకు ఈ ఊరివారే విలువ ఇవ్వరని సానుభూతితో ఆ సామెత అన్నారనుకుందాం. భావం తెలియని తెలుగు బంధువు పదాలను మాత్రమే పట్టుకుంటే, పిల్లను చీమిడిముక్కుది అన్నారని నొచ్చుకోవచ్చు. అన్నది మెప్పు, విన్నది తిట్టు.

జోడు లేనివి

నాలుగవ తరగతి నుడికారాలకు అవతలి భాషలో జోడు ఉండదు. ఎక్కువగా అవి దేవుళ్ళను, గుళ్ళను, ఆచారాలను ఆశ్రయించుకొని ఉంటాయి.

"చకా ఆఖి సబు దేఖుఛి" అంటారు ఒడియావారు. గుండ్రని కన్ను అంతా చూస్తోంది అని. ఆ గుండ్రని కళ్ళు జగన్నాథునివి. తెలుగులో "పైవాడు చూస్తున్నాడు" అంటే భావం అందుతుంది, కాని ఆ కళ్ళ రూపం పోతుంది. జగన్నాథుని విగ్రహం తలపుకు రానివారికి ఈ మాటలోని భయమూ, భరోసా సగమే అందుతాయి.

తెలుగులో "డబ్బు గోవిందా అయింది" అంటే పోయిందని. తిరుమల కొండమీద మారుమోగే నామం తెలుగునాట పోగొట్టుకున్న సొమ్ముకు సంకేతమైంది. ఈ మాటను ఒడియాలోకి పదం పదంగా మారిస్తే వినేవారికి దైవనామం తప్ప నష్టం వినిపించదు. "పంగనామాలు పెట్టడం" కూడా అంతే. ఇటువంటి చోట భావాన్ని మామూలు మాటల్లో చెప్పడమే మార్గం.

ఆసుపత్రిలో పలుకుబడి

నుడికారం తేడా ప్రాణం మీదికి వచ్చే చోటు ఆసుపత్రి. 1962లో బరంపురంలో ఏర్పడి, మహారాజా కృష్ణచంద్ర గజపతి పేరుతో నడుస్తున్న వైద్య కళాశాల ఆసుపత్రి గంజాం ప్రజలకు పెద్ద దిక్కు. సరిహద్దు గ్రామాల తెలుగువారు కూడా అక్కడికి వెళుతుంటారు. రోగి తన బాధను పుస్తక భాషలో చెప్పడు. చిన్ననాటి నుంచి విన్న జాతీయంలోనే చెబుతాడు.

తెలుగువారికి కళ్ళు తిరుగుతాయి. ఒడియావారికి తల తిరుగుతుంది: "ముండ బులాఉఛి". "కళ్ళు తిరుగుతున్నాయి" అన్న మాటను మాటకు మాట ఒడియాలో పెడితే, వినేవారు అది కంటి జబ్బనుకునే వీలుంది. రక్తపోటు పడిపోయిన రోగి విషయంలో ఆ కాస్త ఆలస్యమూ మంచిది కాదు.

తలనొప్పికి ఒడియా మాట "ముండ బింధుఛి". ఇక్కడా ముండ అంటే తల అని గుర్తుంచుకోవాలి.

నడుం పట్టేసింది అన్నదానికి "అంటా ధరిఛి" అంటారు. అంటా అంటే నడుము, ధరిఛి అంటే పట్టింది. ఇక్కడ రెండు భాషల బొమ్మ ఒకటే. "థండా ధరిఛి" కూడా అటువంటిదే. మనకు పడిశం పట్టినట్టే వారికీ పడుతుంది.

వికారానికి "బాంతి లాగుఛి" అంటారు. తెలుగులో ఇదే బాధను "కడుపులో తిప్పుతోంది" అని చెప్పేవారు ఎక్కువ.

ఛాతీలో మంటకు "ఛాతి పోడుఛి" అంటారు. తెలుగులో "గుండెల్లో మంట" అన్నప్పుడు గుండె అన్న మాట గుండెకాయకూ, రొమ్ముకూ రెండింటికీ వస్తుంది. ఒడియాలోకి చెప్పేవారు ఇక్కడ తొందరపడరాదు. చేయి పెట్టి చోటు చూపించాలి. ఎప్పుడు మొదలైందో, తిన్న తరువాత వస్తోందా, నడిచినప్పుడు వస్తోందా, చేతికి పాకుతోందా అన్నవి విడమరచి చెప్పాలి.

ఆడవారి విషయాల్లో మరింత జాగ్రత్త అవసరం. "నీళ్ళు పోసుకుంది", "నెల తప్పింది", "ఒట్టి మనిషి కాదు" అన్న తెలుగు మాటలన్నీ గర్భం దాల్చిందనే చెబుతాయి. హిందీలో ఇదే సంగతిని "పాఁవ్ భారీ", అంటే పాదం బరువెక్కింది అని చెబుతారు. నీళ్ళు పోసుకుందన్న మాటను ఒడియాలో పెడితే స్నానం చేసిందని తప్ప మరేమీ తెలియదు. "బయట ఉంది" అన్న మాటా అంతే. మందులు రాసే ముందు గర్భమా కాదా అన్నది వైద్యునికి తప్పక తెలియాలి. మర్యాద కోసం పుట్టిన జాతీయం అక్కడ అడ్డు కారాదు. "పేటరె పిలా అఛి", కడుపులో బిడ్డ ఉంది, అని సూటిగా చెప్పడం మంచిది. ఎన్నవ నెల అన్నది కూడా చెప్పాలి.

రోగికీ వైద్యునికీ మధ్య మాట మార్చేవారు తరచు ఇంట్లో చదువుకున్న పిల్లలే. వారికి జాతీయాలు తెలియడం చదువులో భాగంగా భావించాలి.

సరైన జోడు వెతికే పద్ధతి

అనువాద శాస్త్రజ్ఞురాలు మోనా బేకర్ 1992లో ప్రచురించిన గ్రంథంలో జాతీయాలను అనువదించే మార్గాలను వివరించారు. రూపమూ భావమూ కలిసే జాతీయం దొరికితే దానిని వాడడం, భావం మాత్రం కలిసేది దొరికితే దానిని ఎంచుకోవడం, ఏదీ దొరకకపోతే మామూలు మాటల్లో చెప్పడం, తప్పనిసరి అయితే విడిచిపెట్టడం వాటిలో ముఖ్యమైనవి. సరిహద్దు ఇళ్ళలోని ముసలివారు ఏ గ్రంథమూ చదవకుండానే ఈ పని చేస్తూ వచ్చారు. వారి అనుభవాన్ని కొన్ని ప్రశ్నలుగా మలచుకోవచ్చు.

మొదటి ప్రశ్న: ఈ మాట ఎవరు, ఎవరితో అంటారు? పెద్దలు పిన్నలతో అనే సామెతను పిన్నలు పెద్దలతో అంటే తప్పు. ఏరు దాటే సామెత తోటివారి మధ్య హాస్యం. మామగారి ముందు మోటు.

రెండవ ప్రశ్న: ఇది మెప్పా, ఎత్తిపొడుపా, ఓదార్పా? చింతకాయ, చేప సామెతలోనూ, ఉసిరిక, ఉప్పు సామెతలోనూ బొమ్మ దాదాపు ఒకటే, ధోరణి వేరు.

మూడవ ప్రశ్న: ఎక్కడ వాడతారు? వాకిట్లో చెల్లిన మాట కచేరీలో చెల్లదు. దరఖాస్తులో, పోలీసు ఫిర్యాదులో, వైద్యుని ముందు జాతీయాన్ని పక్కన పెట్టి సూటిగా రాయాలి, సూటిగా చెప్పాలి. "నా కడుపు కొట్టారు" అన్నది తెలుగులో జీవనోపాధి తీసివేశారని. పదాలను మార్చి రాస్తే కొట్లాట ఫిర్యాదుగా కనిపించవచ్చు.

నాలుగవ ప్రశ్న: వినేవారికి ఈ బొమ్మ తెలుసా? పనస ఎరిగినవారికే మీసం నూనె నవ్వు తెప్పిస్తుంది.

ఈ ప్రశ్నలకు జవాబు తెలియనప్పుడు ఆ ఊరి మనిషిని అడగడం అన్నిటికంటే మంచి పద్ధతి. "ఈ మాట మీలో ఎలా అంటారు?" అని అడిగితే చిన్నబుచ్చుకునేవారు ఉండరు. తమ భాష సామెత చెప్పమంటే సంతోషించని ఇల్లాలు గంజాంలో అరుదు.

పుస్తకాల్లోనూ, ఇళ్ళలోనూ

లిఖిత రూపంలో ఈ సంపద ఇదివరకే కొంత పోగుపడింది. కెప్టెన్ కార్ సేకరించిన తెలుగు సామెతలు ఇంగ్లీషు అనువాదాలతో 1868లో మద్రాసులో అచ్చయ్యాయి. గోపాలచంద్ర ప్రహరాజ్ ఏడు సంపుటాల "పూర్ణచంద్ర ఒడియా భాషాకోశ" 1931 నుంచి 1940 వరకు వెలువడింది. ఒడియా మాటలకు అందులో ఇంగ్లీషు, హిందీ, బెంగాలీ సమానార్థకాలు కూడా ఉన్నాయి. తెలుగుకు 2008లోనూ, ఒడియాకు 2014లోనూ ప్రాచీన భాష హోదా లభించింది.

ఇన్ని ఉన్నా, తెలుగు సామెతకు ఎదురుగా ఒడియా సామెతను నిలిపే పని ఎక్కువగా నోటిమీదనే సాగుతోంది. ఒడియా మాధ్యమంలో చదివే తెలుగు పిల్లలకు ఇంటి సామెత చెవికి తెలుస్తుంది, చేతికి రాదు. ఇచ్ఛాపురం, సోంపేట వైపు తెలుగు మాధ్యమంలో చదివే ఒడియా పిల్లల స్థితీ ఇదే. రెండు భాషలూ ఎరిగిన అమ్మమ్మ కన్నుమూస్తే, ఆమె నోట ఉన్న జోడీలు కూడా ఆమెతోనే పోతాయి.

దీనికి పెద్ద ఏర్పాట్లు అక్కరలేదు. ఒక నోటుపుస్తకం చాలు. ఎడమ పుటలో తెలుగు సామెత, కుడి పుటలో ఒడియా సామెత, కింద రెండు వాక్యాల్లో ఎప్పుడు అంటారో, ఎవరితో అనరాదో రాసిపెట్టాలి. ఒడియా మాటను తెలుగు లిపిలోనూ, ఒడియా లిపిలోనూ రాస్తే పిల్లలకు రెండు లిపులూ అలవడతాయి. వేసవి సెలవుల్లో పిల్లలు రోజుకు ఒక జోడు అడిగి రాసుకున్నా, బడి తెరిచేనాటికి చాలానే పోగుపడతాయి. మొదటి పుటలో రాయవలసినది చిలికా ఒడ్డునే ఉంది: ఎడమవైపు కొండమీది ఉసిరికాయ, సముద్రంలోని ఉప్పు, కుడివైపు ఆకాశ కఇఁఆ, చిలికా మాఛ. కింద మాత్రం ఒక హెచ్చరిక ఉండాలి: తెలుగుది పెళ్ళిలో అనవచ్చు, ఒడియాది అనే ముందు ఆలోచించాలి.